పసుపుతాడు కట్టిన బిందె

పడమటి మాంబళం,
చెన్నై

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మెట్రోవాటర్ లారీ కోసం పెట్టిన బిందెల వరుసలో ముసలామె తన బిందె మెడకు పసుపుతాడు కట్టి గుర్తు పెట్టుకుంటుందే, అక్కడ కాసేపు ఆగిపోయాను. ఆ ముక్క నీది. అలాంటిది ఒకరు నేర్పితే రాదు.

ఈ ఉత్తరం రాయించింది మాత్రం కథతో పాటు నువ్వు పెట్టిన చీటీ. 'పద్నాలుగుసార్లు తిరగరాశాను, ఆరు పత్రికలు తిప్పి పంపాయి, ఇంక మానేయమంటారా మాస్టారూ' అన్నావు. ఎన్నిసార్లో లెక్క పెట్టుకున్నావు గానీ ఏ సారి ఏం మారిందో రాసుకోలేదు. నువ్వు పంపిన మొదటి ప్రతినీ చివరి ప్రతినీ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి పేజీలో పాత వాక్యం ఒక్కటీ మిగల్లేదు. నాలుగో పేజీలో కామా కూడా కదల్లేదు. కొత్తగా రాసేవాళ్లలో చాలామందికి ఇదే జరుగుతుంది. ఫైలు తెరవగానే కనబడేది మొదటి పేరా. ఓపికంతా దాన్ని తోమడానికే సరిపోతుంది, కథ మధ్యకు వచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. నువ్వు పద్నాలుగుసార్లు రాసింది మొదటి పేజీనే.

నీళ్ల కథ రాశావు గనక నీళ్ల సంగతే చెబుతాను. మద్రాసుకు కృష్ణ నీళ్లివ్వాలని 1976లో ఒప్పందమైంది, 1983లో మరొకటి. మద్రాసు దగ్గరి పూండి జలాశయానికి నీళ్లు చేరేసరికి 1996 వచ్చింది. చేరాక కూడా తంటా తీరలేదు. నెల్లూరు జిల్లా కండలేరు జలాశయం నుంచి తమిళనాడు సరిహద్దు దాకా 150 కిలోమీటర్ల కాలువ. వదిలిన నీళ్లలో చాలాభాగం దారిలోనే ఇంకిపోయేవి. సత్యసాయి ట్రస్టు పూనుకుని కాలువ బాగుచేయించి, లైనింగు వేయించాక గానీ ప్రవాహం కుదుటపడలేదు. ఎక్కడ ఇంకుతోందో చూడకుండా పైనుంచి నీళ్లు వదులుతూ పోవడాన్ని నేను పట్టుదల అనను.

నీ కథలో ఇంకే చోటు ఆ నాలుగో పేజీ. జూన్ మొదటివారంలోనే నీళ్ల రైలు వచ్చేసినట్టు రాశావు. 2019 నీటి ఎద్దడిలో జోలార్‌పేట నుంచి మొదటి నీళ్ల రైలు చెన్నైలోని విల్లివాక్కం చేరింది జూలై 12న. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. తేదీ తప్పితే తప్పింది, దిద్దుకోవచ్చు. కానీ ఆ ఐదు వారాలూ ముసలామె ఏం చేసింది? ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ నెర్రెలు విచ్చాయి. శిక్కరాయపురం క్వారీ గుంటల్లో నిలిచిన నీళ్లను కూడా శుద్ధి చేసి ఊరికి పంపిన రోజులవి. లారీ ఏ వేళప్పుడు వస్తుందో తెలియదు. ఆమె రాత్రి బిందె పక్కనే పడుకుందా? ఎసట్లోకి ఎన్ని చెంబులు పోసింది? తాడు ఎవరైనా విప్పేశారా? కథంతా అక్కడ ఉంటే, నువ్వు రైలు తెప్పించి దాటేశావు.

ఈ ప్రతిని పెట్టెలో పెట్టి మూడు వారాలు ముట్టుకోకు. తర్వాత పాతది చూడకుండా, కాగితం మీద, సరిగ్గా ఆ ఐదు వారాల దగ్గర మొదలుపెట్టు. పాత వాక్యాల్లో గుర్తు రానివి కథకు అక్కర్లేదు. రాశాక ఒక్కో సన్నివేశానికి ఒక్కో చీటీ తీసుకుని, దాని తర్వాత ఆమె పరిస్థితిలో ఏం మారిందో ఒక్క ముక్కలో రాయి. పక్కపక్క చీటీలు రెండు తారుమారు చేసినా కథ చెడకపోతే అందులో ఒకటి తీసెయ్. ఆ పైన బిగ్గరగా చదువు. 1500 మాటల కథకు పావుగంట పడుతుంది. నాలుక తడబడ్డ చోటల్లా పెన్సిలు గీత పెట్టు. గీతలన్నీ ఒకే పేజీలో గుమిగూడితే వాక్యాలు దిద్దుతూ కూర్చోకు. అక్కడ ఏం జరుగుతోందో నీకే ఇంకా తెలియలేదు.

చివర్లో మనవడు నీటి పొదుపు మీద చెప్పే ఉపన్యాసం తీసెయ్. అది నీ గొంతు కాదని చదవగానే తెలిసింది. 'సందేశం ఏదండీ' అని అడిగే సంపాదకులు, ఆ అడుగుడుకు జడిసి తోక అతికించే పోటీ కథలు, ఈ రెండూ కలిసి తెలుగు కథకు చేసిన హాని ఇంతా అంతా కాదు. దాని మీద నాకు కోపం ఈ జన్మకు తగ్గదు.

ఒక్క మాటా రాయకుండా తిప్పి పంపిన కథ గురించి నీకు తెలిసింది సున్నా. పేజీ నిండిపోయి ఉండవచ్చు, అసలు చదివి ఉండకపోవచ్చు. ఒకరితో ఒకరికి పరిచయం లేని ఇద్దరు పాఠకులు ఒకే చోట వేలు పెడితే మాత్రం పట్టించుకో. పంపేటప్పుడు యూనికోడ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జతచెయ్. చాలా పత్రికల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే వాడతారు, మార్పిడిలో వత్తులు చెదిరిపోతాయి. పంపాక 90 రోజులు ఆగు, జవాబు లేకపోతే ఒక ముక్క రాసి మరోచోటికి పంపు.

ఇక మానేయడం సంగతి. ప్రతి కొత్త ప్రతిలో కథ నడుమ ఏదో ఒకటి కదులుతున్నంతకాలం రాస్తూనే ఉండు. వరుసగా మూడు ప్రతుల్లో విశేషణాలూ పేర్లూ తప్ప ఏమీ మారకపోతే ఆ ఒక్క కథనూ పక్కన పెట్టి, అందులో బతికున్న ముక్కను వేరే నోటుపుస్తకంలోకి ఎక్కించుకో. రేపు ఇంకో కథకు పనికొస్తుంది. నీకు ఆ రోజు ఇంకా రాలేదు. నడిమి భాగం నువ్వు ఒక్కసారికి మించి రాయనేలేదు.

పుస్తకం వేయడం, ముందుమాట, వీటి గురించి ఇప్పుడు మాట్లాడను.

ప్రతులు తిప్పి పంపుతున్నాను. రెండింట్లోంచీ నాలుగో పేజీ తీసి నా దగ్గర ఉంచుకున్నాను. ఫైలు నీ కంప్యూటర్లో ఉంటుందని తెలుసు. తెరవకు.

ఆశీస్సులతో,
మాస్టారు