ఇంటి వద్ద వేసే ఓటు రహస్యంగానే ఉంటుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత వరకు విషయం ఇది. మీ నాయనమ్మగారికి 88 ఏళ్లు, గడప దాటి కదలలేని స్థితి. ఇంట్లో మీ నాన్నగారిది ఒక పార్టీ, మీ బాబాయిగారిది మరో పార్టీ. ఇంటి వద్ద ఓటుకు దరఖాస్తు పెడితే ఆమె ఎవరికి వేసిందో ఆ గదిలోనే తెలిసిపోతుందేమో, వీడియో కూడా తీస్తారట కదా, కవరు మీద నంబరు కూడా ఉంటుందట కదా అన్నవి మీ భయాలు. నిబంధనలు మారాయని విని ఆమెకు ఈ అవకాశం ఇంకా ఉందో లేదో కూడా అడిగారు.

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. దాదాపు ఇరవై ఏళ్లుగా ఎన్నికల విధులు చేస్తున్నాను. 2023 నవంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలప్పుడు ఇంటింటికీ వెళ్లి వృద్ధుల ఓట్లు తీసుకున్న బృందాల్లో ఒకదానిలో పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఓటు కవరులోకి వెళ్లి అంటించిన తర్వాత దాని రహస్యానికి ఢోకా లేదు. జాగ్రత్త పడవలసిందల్లా అంతకు ముందు ఆ గదిలో గడిచే పది నిమిషాల గురించే, ఆ పది నిమిషాలు చాలావరకు మీ కుటుంబం చేతిలో ఉంటాయి.

ముందు అర్హత సంగతి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలను 2019 అక్టోబరులో సవరించి, 80 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు పోస్టల్ బ్యాలెట్ ద్వారా, అంటే కాగితం మీద వేసి కవరులో పెట్టి ఇచ్చే పద్ధతిలో, ఓటు వేసే వీలు కల్పించారు. ఇంటి వద్ద వేసే ఓటు ఇదే. 2024 మార్చి 1న మళ్లీ సవరించి ఆ వయసును 85కు పెంచారు. దివ్యాంగులకు 40 శాతం వైకల్యం అన్న నిబంధన అలాగే ఉంది. ఒక్క అంకె మారినందుకు ఏమైందో మా పక్కింటి పెద్దాయన విషయంలో చూశాను. ఆయనకు 82 ఏళ్లు. నవంబరులో మంచం పక్కనే ఓటు వేసిన మనిషి, 2024 మే 13న లోక్‌సభ పోలింగు నాడు ఆటోలో కూర్చుని కేంద్రానికి పోవలసి వచ్చింది. "మొన్ననే ఇంటికొచ్చి ఏపిచ్చుకున్నరు గద సారూ, ఇప్పుడెందుకు రారు?" అని ఆయన అడిగితే వివరించి చెప్పడానికి నాకే కష్టమైంది. మీ నాయనమ్మగారు 85 దాటారు కాబట్టి ఆమెకు ఈ ఇబ్బంది లేదు. ఇది లోక్‌సభ, శాసనసభ ఎన్నికలకు వర్తించే ఏర్పాటు. పంచాయతీ, పురపాలక ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం వేరే చట్టం కింద నిర్వహిస్తుంది కాబట్టి అక్కడ దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా బృందంలో ఇద్దరు పోలింగ్ సిబ్బంది, ఒక వీడియోగ్రాఫర్, ఒక కానిస్టేబుల్ ఉండేవాళ్లం. ఏ రోజున ఎవరింటికి వస్తామో ముందే చెప్పేవాళ్లం. అభ్యర్థులకూ ఆ సమాచారం వెళ్తుంది, వారు కావాలనుకుంటే తమ ప్రతినిధిని పంపవచ్చు. మడత పెట్టే అట్టతో చేసిన ఓటింగ్ కంపార్ట్‌మెంటు ఒకటి మాతోపాటే తెచ్చుకునేవాళ్లం. మొదటి రోజు రెండో ఇంట్లోనే ఆ అట్టను ఎక్కడ పెట్టాలన్నది ఎంత పెద్ద విషయమో తెలిసింది. వెలుతురు బాగుందని నడిమింట్లో కిటికీ పక్కన చిన్న బల్ల వేసి దాని మీద పెట్టాం. ఆ ఇంటి పెద్దావిడ వచ్చి కూర్చున్నారు. బ్యాలెట్ ఇవ్వబోతుంటే మా వీడియోగ్రాఫర్ కుర్రవాడు "సార్, ఒక్క నిమిషం" అని తన కెమెరా తెర చూపించాడు. ఆమె వెనుక నిలువుటద్దం ఉన్న ఇనుప బీరువా ఉంది. అట్ట మూడు వైపులా మూసినా, ఆ అద్దంలో బల్ల మీది కాగితం తెల్లగా, స్పష్టంగా కనిపిస్తోంది. గదిలో నిలబడ్డ మాకు కనిపించకపోయినా కెమెరాకు కనిపించేది. బల్లను గోడ వైపు తిప్పాం, బీరువా మీద దుప్పటి కప్పించాం. అప్పటి నుంచి ఏ ఇంట్లో అడుగు పెట్టినా నేను మొదట వెతికింది అద్దాల కోసమే, ఆ తర్వాత వెనుక కిటికీల కోసం. మీ ఇంట్లో ఆ పని మీరు ముందురోజే చేయవచ్చు. వెనుక గోడ, మూడు వైపులా అట్ట, వెనుకకు ఎవరూ వెళ్లే దారి లేని మూల ఒకటి చూసి పెట్టండి. మంచం మీదే వేయవలసి వస్తే, మంచాన్ని గోడకు జరపండి.

రెండో విషయం కుటుంబ సభ్యులు. దీన్ని చెప్పేటప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. మేము వెళ్లిన మొట్టమొదటి ఇంట్లో, కోడలు మంచం పక్కనే నిలబడి ఉంటే బయటికి వెళ్లమనడానికి మొహమాటపడ్డాను. ఆమె వంగి ఒక గుర్తు మీద వేలు పెట్టి "గిదే అత్తమ్మా" అంది. అంతలోనే బ్యాలెట్ మీద గీత పడిపోయింది. ఆ తర్వాత వెళ్లిన ఇళ్లలో లోపలికి వెళ్లగానే, కూర్చోక ముందే, ఇంటివాళ్లందరినీ వాకిట్లోకి పంపి తలుపు దగ్గరగా వేయించాం. ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు. మొదటి ఇంట్లోనూ అడిగి ఉంటే వెళ్లేవారేమోనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

బయటికి వెళ్లమంటే ఎవరూ ఎదురు మాట్లాడలేదని అన్నాను గాని, ఒకాయన మాత్రం వెళ్లే ముందు సహాయకుడి నిబంధనను పట్టుకున్నాడు. "అమ్మకు కండ్లు కనబడయి, నేనే ఏస్త" అన్నాడు. చూపు లేనివారు, చేయి పనిచేయనివారు 18 ఏళ్లు నిండిన ఒకరిని సహాయకుడిగా పెట్టుకోవచ్చు. ఆ సహాయకుడు ఓటు సంగతి రహస్యంగా ఉంచుతానని, అదే రోజు ఇంకెవరికీ సహాయకుడిగా లేనని రాసి సంతకం పెట్టాలి. అయితే ఆ సహాయం అవసరమా, ఎవరు చేయాలి అన్నది ఓటరు చెప్పాలి, కొడుకు చెప్పకూడదు. చదువు రాదన్నది కూడా దానికి కారణం కాదు. నేను ఆమెనే అడిగాను. ఆమె చేతిలోని చిన్న నోటును దూరంగా పట్టుకుని చూపిస్తూ "ఇది పది రూపాయలది బిడ్డా, గుర్తులు ఎట్ల కనబడయి?" అంది. ఆయన మౌనంగా బయటికి వెళ్లాడు. ఆమె తానే వేసింది.

మీ ఇంట్లో రెండు పార్టీలు ఉన్నాయి కాబట్టి ఒక మాట సూచిస్తున్నాను. నాయనమ్మగారికి సహాయకుడు నిజంగా అవసరమైతే మీ నాన్నగారూ వద్దు, బాబాయిగారూ వద్దు. ఆమె నమ్మే మరొకరి పేరు, అది ఆమె కూతురైనా మీరైనా, ఆమె నోటితోనే ముందుగా చెప్పించండి.

వేలిముద్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మంచి ఓట్లు పాడవుతాయి. పింఛను కాగితాల మీద వేలిముద్ర వేసి వేసి అలవాటైన పెద్దవాళ్లు ఏ కాగితం ఇచ్చినా అదే చేయబోతారు. వేలిముద్రైనా సంతకమైనా ఉండవలసింది ఫారం 13ఏ అనే ధ్రువీకరణ పత్రం మీదే. బ్యాలెట్ మీద ఓటు కోసం పెట్టిన గీత కాకుండా ఓటరును గుర్తుపట్టగల గీత గాని రాత గాని ఏదున్నా ఆ ఓటు చెల్లదు. ఓటరు తన ఓటును తానే బయటపెట్టుకోకుండా, అంటే డబ్బు ఇచ్చినవాడికి ఆనవాలుగా చూపించే వీలు లేకుండా, పెట్టిన నియమం అది. ఒకావిడ 13ఏ మీద వేలిముద్ర వేసిన తర్వాత సిరా అంటిన బొటనవేలితోనే బ్యాలెట్ పట్టుకోబోతే ఆపి, తడిగుడ్డతో తుడిచి, ఆరిన తర్వాత ఇచ్చాం. మీ ఇంట్లోనూ ఒక తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి. సహాయకుడు లేకపోతే గదిలో ఆమె గీత పెడుతున్నప్పుడు మేము చూడకూడదు కాబట్టి, ఈ సంగతులన్నీ అంతకు ముందే ఆమెకు తెలిసి ఉండాలి.

కవరు మీది నంబరు గురించి మీరు అడిగింది సరైన ప్రశ్నే. బ్యాలెట్ క్రమసంఖ్యను 13ఏ పత్రం మీదా, బ్యాలెట్ పెట్టే లోపలి కవరు 13బి మీదా రాస్తారు. పత్రంలో పేరు ఉంటుంది, కవరులో ఓటు ఉంటుంది, రెండింటి మీదా ఒకే సంఖ్య ఉంటుంది. ఈ రెండూ కలిసి పెద్ద కవరు 13సిలోకి వెళ్తాయి. అందువల్ల ఎవరి ఓటో కలిపి చూడవచ్చు కదా అనిపించడం సహజం. లెక్కింపు నాడు పాటించే వరుసే దీనికి సమాధానం. మొదట పెద్ద కవర్లు మాత్రమే తెరుస్తారు. 13ఏ సరిగా ఉందా, సంతకం ఉందా, సంఖ్య సరిపోయిందా అని చూసి, సరిగా ఉన్న 13ఏ పత్రాలన్నిటినీ ఒక ప్యాకెట్‌లో పెట్టి సీలు వేస్తారు. ఆ సీలు పడిన తర్వాతే మొదటి 13బి కవరును తెరవాలి. అంటే ఓటు కనిపించే వేళకు పేరున్న పత్రం ఆ బల్ల మీద ఉండదు. ఈ వరుస నియమాల్లోనే రాసి ఉంది, రిటర్నింగ్ అధికారి ఇష్టానికి వదిలినది కాదు. 13ఏ పెద్ద కవరులో లేకపోతే, లేదా సంతకం లేకపోతే, లోపలి కవరు తెరవకుండానే ఆ ఓటును తిరస్కరిస్తారు. కాబట్టి ఏ కాగితం ఏ కవరులో పడుతుందో మీ నాయనమ్మగారి తరఫున సిబ్బందిని అడిగి చూడడంలో తప్పులేదు.

ఇక్కడ చాలామంది ఆలోచించని సంగతి ఒకటి ఉంది. పోలింగ్ కేంద్రంలో ఓటు వేసేటప్పుడు ఉండే ఏకాంతం ఇంట్లో రాదు, నిజమే. కాని వేసిన తర్వాత చూస్తే పోస్టల్ ఓటే ఎక్కువ మరుగున ఉంటుంది, ఎందుకంటే నియోజకవర్గంలోని పోస్టల్ ఓట్లన్నీ ఒకచోట లెక్కకు వస్తాయి, మీ ఊరివి ఇవీ అని విడిగా తేలవు. యంత్రంలోని ఓట్లను మాత్రం కేంద్రాల వారీగా లెక్కిస్తారు. ఏ కేంద్రంలో ఎవరికి ఎన్ని వచ్చాయో ఫారం 20 అనే ఫలితాల పత్రంలో బహిరంగంగా ఉంటుంది. ఒకే కేంద్రం ఉన్న చిన్న తండా ఎటు ఓటు వేసిందో మర్నాటికి అందరికీ తెలిసిపోతుంది, తరువాత రోడ్డు ఎందుకు రాలేదో ఆ ఊరివాళ్లకూ తెలుసు. కాగితపు బ్యాలెట్ల కాలంలో వేర్వేరు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే వీలు 59ఏ నియమంలో ఉండేది. యంత్రాలకూ అటువంటి వీలు కలిగించే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, లా కమిషన్ కూడా 2015 మార్చిలో ఇచ్చిన 255వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ సవరణ ఇప్పటికీ రాలేదు. వ్యక్తి ఓటును ఇంత జాగ్రత్తగా కాపాడే నియమాలు ఊరి ఓటును ఇలా బయట పెట్టడం సరికాదన్నది నా గట్టి అభిప్రాయం.

చిన్న సవరణలను తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి మరో రెండు సంగతులు. 2013కు ముందు ఎవరికీ ఓటు వేయనన్న వ్యక్తి 49ఓ నియమం కింద, పోలింగ్ కేంద్రంలో ఓటర్ల వివరాలు రాసే 17ఏ రిజిస్టరులో అందరి ఎదుటే ఆ మాట నమోదు చేయించి సంతకం పెట్టవలసి వచ్చేది. అక్కడ కూర్చున్న పార్టీల ఏజెంట్లు తల ఎత్తి అతని వైపు చూసేవారు. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పుతో నోటా మీట వచ్చి, ఆ నిర్ణయం కూడా అట్ట వెనుకకు చేరింది. అలాగే మా ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్లను ఒకప్పుడు ఇంటికి తీసుకుపోయి, లెక్కింపు మొదలయ్యేలోపు చేరేలా పంపితే సరిపోయేది. ఆ మధ్య రోజుల్లో దాన్ని "ఒకసారి చూపించు" అనేవారు ఎదురయ్యేవారు. 2023లో వచ్చిన సవరణతో ఎన్నికల విధుల్లో ఉన్నవారు తమ కోసం ఏర్పాటు చేసే ఫెసిలిటేషన్ కేంద్రంలోనే వేయాలని అయింది. నాకు అది ఊరటనిచ్చింది.

వీడియో విషయం: బృందం వచ్చినప్పటి నుంచి కవరు అంటించేవరకు తీస్తారు, కాని కాగితం మీద గీత పడే దృశ్యం అందులో ఉండకూడదు. కెమెరా ఎక్కడ నిలబడిందో మీరు చూసి, సందేహముంటే జరపమనండి. రహస్యాన్ని కాపాడవలసిన బాధ్యతను ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ ఓట్ల నమోదు, లెక్కింపు విధుల్లో ఉన్న ప్రతి అధికారి మీదా, ఏజెంటు మీదా పెట్టింది. ఉల్లంఘిస్తే మూడు నెలల వరకు జైలు గాని జరిమానా గాని రెండూ గాని పడవచ్చు. అదే చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం ఎవరికి ఓటు వేశావని ఓటరును ఎవరూ బలవంతంగా చెప్పించలేరు. సాయంత్రం భోజనాల దగ్గర మీ బాబాయిగారు అడిగితే నాయనమ్మగారు జవాబు చెప్పనవసరం లేదని ఆమెకు ఒకసారి గుర్తు చేయండి.

చేయవలసిన పని ఒకటే మిగిలింది. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన తర్వాత ఐదు రోజులలోపే ఇంటి వద్ద ఓటుకు దరఖాస్తు అయిన ఫారం 12డి ఇవ్వాలి. బూత్ స్థాయి అధికారి సాధారణంగా ఇంటికే తెచ్చి ఇస్తారు, రాకపోతే మీరే అడగండి. దరఖాస్తు ఆమోదం పొందితే జాబితాలో ఆమె పేరు ఎదుట పోస్టల్ బ్యాలెట్ అని గుర్తు పెడతారు, ఆ తర్వాత కేంద్రానికి వెళ్లి వేస్తామంటే కుదరదు. బృందం వచ్చినప్పుడు ఆమె ఇంట్లో లేకపోతే మరొక్కసారి వస్తారు, అంతే. అన్నిటికన్నా ముందు ఓటరు జాబితాలో ఆమె వయసు ఎంత ఉందో ఈ వారమే చూడండి. అర్హతకు జాబితాలోని వయసునే చూస్తారు. ఆ తరం వాళ్ల వయసులను ఉజ్జాయింపుగా రాసుకున్న ఇళ్లు మా ప్రాంతంలో చాలా ఉన్నాయి. 88 ఏళ్ల మనిషికి జాబితాలో 79 అని ఉంటే, ఫారం 8 పెట్టి సరిచేయించుకోవడానికి నోటిఫికేషన్ తర్వాతి ఐదు రోజులు చాలవు.