ఎక్కడో జరిగే యుద్ధం మీద పార్టీల గొడవ ఇక్కడి ఓట్లను మారుస్తుందా?

మారుస్తుంది. కాకపోతే ఏ నాయకుడు యుద్ధాన్ని వద్దన్నాడో ఓటరు విడివిడిగా లెక్క చూడడు, కోపమంతా అధ్యక్షుడి పార్టీ మీదే తీర్చుకుంటాడు. ఇరాక్ యుద్ధం నడుస్తుండగా 2006లో అమెరికాలో వచ్చిన మధ్యంతర ఎన్నికలే (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో పార్లమెంటుకు జరిగేవి) చూడండి.

2002లో ఇరాక్ మీద యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానానికి ఎగువ సభ సెనేట్‌లో 77 మంది ఓటేస్తే, అందులో 29 మంది డెమొక్రాట్లే. నాలుగేళ్లకు అది జనం దృష్టిలో అచ్చంగా రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ యుద్ధం అయిపోయింది. రోడ్ ఐలండ్ సెనేటర్ లింకన్ చాఫీ ఆ తీర్మానాన్ని సెనేట్‌లో వ్యతిరేకించిన ఏకైక రిపబ్లికన్. అయినా ఓడిపోయాడు, పాపం. పక్క రాష్ట్రం కనెక్టికట్‌లో యుద్ధాన్ని వెనకేసుకొచ్చిన జో లీబర్‌మన్‌ను సొంత డెమొక్రాట్లే ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడించారు. ఆయన స్వతంత్రుడిగా నిలబడి, రిపబ్లికన్ ఓట్లు కూడా కలిసొచ్చి, నవంబర్‌లో గెలిచాడు. కార్యకర్తల కోపం వేరు, మొత్తం ఓటర్ల మూడ్ వేరు.

వర్జీనియాలో డెమొక్రాట్ జిమ్ వెబ్ ఇరాక్‌లో ఉన్న కొడుకు బూట్లు తొడుక్కుని ప్రచారం చేశాడు. మెజారిటీ 10 వేల లోపే, కానీ ఆ సీటుతో సెనేట్ డెమొక్రాట్ల చేతికొచ్చింది. ప్రతినిధుల సభ అప్పటికే వాళ్లదైంది.

అవినీతి కుంభకోణాలు, కత్రినా తుపాను నాటి ప్రభుత్వ నిర్వాకం కూడా రిపబ్లికన్లను దెబ్బతీశాయి, అన్నీ యుద్ధం ఖాతాలో వేయలేం. పోలింగ్ మర్నాడే రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్‌ను సాగనంపారు. యుద్ధం మాత్రం ఆగలేదు: 2007 జనవరిలో బుష్ ఇంకా ఎక్కువ బలగాలను పంపుతున్నట్టు ప్రకటించాడు.