అంగుళంన్నర పొట్టి గ్యాస్కెట్: పాత అమెరికన్ కార్ల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో 1952 నాటి డాడ్జ్ కింగ్స్‌వే ఉంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ, దాని మీది మూత లాంటి హెడ్‌కీ మధ్య ఉండే పలక) పోతే ‘1952 ప్లిమత్, 218 ఇంజిన్’ అని చెప్పి అమెరికా నుంచి తెప్పించాం. వచ్చింది అంగుళంన్నర పొట్టి. పంపినవాళ్ళు సరైనదే పంపామంటున్నారు. ముందుముందు పిస్టన్లు, వాటర్ పంపు కూడా కావాలి. మళ్ళీ ఇలా జరక్కుండా ఏం చేయాలి?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: వాళ్ళు తప్పు పంపలేదు, మీరు చెప్పిన సంవత్సరమూ తప్పు కాదు. కింగ్స్‌వే అంటే ప్లిమత్ బాడీకి డాడ్జ్ ముఖం, కాబట్టి ప్లిమత్ పేరుతో అడగడం సబబే. చిక్కంతా బ్లాకు దగ్గర ఉంది. ఆ రోజుల్లో క్రైస్లర్ కంపెనీ సైడ్ వాల్వ్ ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను రెండు పొడవుల్లో తయారుచేసింది. అమెరికాలో అమ్మిన ప్లిమత్, డాడ్జ్ కార్లకు హెడ్ పొడవు సుమారు 23½ అంగుళాలు; అక్కడి డిసోటో, క్రైస్లర్ కార్లకు 25. కెనడా ఫ్యాక్టరీ మాత్రం ప్లిమత్, డాడ్జ్‌లకు కూడా 25 అంగుళాల బ్లాకే వాడింది. కుడివైపు స్టీరింగ్ ఉన్న కామన్వెల్త్ దేశాలకు కెనడా సరుకే ఎక్కువగా వెళ్ళేది. మీకు తగ్గింది అంగుళంన్నర కాబట్టి మీది 25 అంగుళాల బ్లాకే అయివుండాలి. టేపు పట్టి హెడ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచి ఖాయం చేసుకోండి.

‘218’ అనే అంకెను నమ్మి పిస్టన్లు ఆర్డర్ చేయకండి. అమెరికా ఇంజిన్ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 3¼ అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 4⅜, ఆరు సిలిండర్ల ఘనపరిమాణం మొత్తం 217.8 క్యూబిక్ ఇంచీలు. కెనడా ఇంజిన్ బోరు 3⅜, స్ట్రోకు 4 1/16. మొత్తం 218 చిల్లర. రెండింటినీ 218 అనే అంటారు. మిల్లీమీటర్లలో చూస్తే ఒక బోరు 82.55, ఇంకోటి 85.7. పైగా డెబ్బై ఏళ్ళ బండి కదా, ఎప్పుడో ఒకసారి బోరింగ్ (సిలిండర్లను కోసి వెడల్పు చేయడం) అయ్యే ఉంటుంది. ఇంజిన్ విప్పాక ప్రతి సిలిండర్‌నూ పైనా కిందా, అడ్డంగా నిలువుగా బోర్ గేజ్‌తో కొలిపించండి. 20, 30, 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజుల్లో ఏది కావాలో లేత్ మేస్త్రీ తేల్చాకే ఆర్డర్ పెట్టండి. పిస్టన్లు చేతికొచ్చి, వాటిని మైక్రోమీటర్‌తో కొలిచాకే బోరింగ్ చేయించాలి. ముందే బోరు కొట్టించి, ఆ సైజు పిస్టన్ దొరక్క ఆగిపోయే బళ్ళను చూస్తే బాధేస్తుంది.

హెడ్, క్రాంక్, క్యామ్, మానిఫోల్డులు, బ్లాకు లోపలి నీళ్ళ గొట్టం, ఇవన్నీ బ్లాకు పొడవును బట్టి మారతాయి. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, పెట్రోలు పంపులకు పొడవుతో పని లేదు. వాటర్ పంపు సంగతి వేరు. పంపుకీ థర్మోస్టాట్ హౌసింగ్‌కీ మధ్య చిన్న బైపాస్ హోస్ ఉందో లేదో చూడండి. హోస్ ఉన్న బండికి ఒక రకం పంపు, లేని బండికి ఇంకో రకం. గ్యాస్కెట్‌లో నీళ్ళ రంధ్రాలు కూడా దీన్ని బట్టే మారవచ్చు.

కాబట్టి ఈసారి రాసేటప్పుడు ‘25 అంగుళాల బ్లాకు’ అని మొదటి వాక్యంలోనే పెట్టండి. డిసోటో, క్రైస్లర్‌లది అదే పొడవు కనుక అమెరికాలోనూ దొరుకుతుంది. ఇంజిన్ నంబరు బ్లాకు ఎడమవైపు ముందు భాగంలో, డైనమోకు పైన, చదునుగా చెక్కిన చోట ఉంటుంది. తుడిచి ఫొటో తీయండి. పాత గ్యాస్కెట్‌ను నేల మీద పరిచి, పక్కన టేపు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఇంకో ఫొటో. పోతలో ఉబ్బెత్తుగా కనిపించే నంబరు పార్ట్ నంబరు కాదు, అది అచ్చు నంబరు. రెండింటినీ కలిపేయడం వల్లే చాలా పార్శిళ్ళు తప్పు వస్తాయి.

బిగించేటప్పుడు ఒక్క మాట. ఈ ఇంజిన్‌లో హెడ్ బోల్టులు నీళ్ళ జాకెట్‌లోకి దిగుతాయి. థ్రెడ్‌కు సీలర్ రాయకపోతే నీళ్ళు థ్రెడ్ వెంట పైకెక్కి కారతాయి, గ్యాస్కెట్ మళ్ళీ పోయిందనుకుంటారు. టార్క్ (బిగింపు బలం) 65 నుంచి 70 ఫుట్ పౌండ్లు. మధ్య నుంచి అంచులకు, విడతలవారీగా. ఇంజిన్ ఒకసారి వేడెక్కాక మళ్ళీ చూడాలి.

ఆ పొట్టి గ్యాస్కెట్‌ను మాత్రం పారేయకండి. 23½ అంగుళాల బ్లాకు బండి ఉన్నవాళ్ళకు అది బంగారం.

ప్రశ్న: మా మహీంద్రా సీజే-3బీ జీపు ట్రాన్స్‌ఫర్ కేసులో (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టెలో) మోత వస్తోంది. విల్లీస్ సామాను అమెరికా నుంచి తెప్పించాలా?
– పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ముందు మన దేశంలోనే వెతకండి. ఈ జీపు సామాను ఇక్కడే ఏళ్ళ తరబడి తయారైంది. ఢిల్లీ కశ్మీరీ గేట్, కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట, మూడూ అడగదగ్గవే. మీకు చివరి రెండూ ఒకే రైలు దారిలో ఉన్నాయి.

ఎక్కడ కొన్నా ఇంటర్మీడియట్ షాఫ్టును కొలవకుండా కొనవద్దు. ఈ జీపుకు వచ్చే స్పైసర్ 18 రకం ట్రాన్స్‌ఫర్ కేసులో ఈ షాఫ్టు ¾, 1⅛, 1¼ అంగుళాలని మూడు సైజుల్లో వచ్చింది. గేరు, బేరింగులు, వాషర్లు దాన్ని బట్టే. బండి సంవత్సరం చూసి ఊహించకండి, మధ్యలో ఎవరైనా కేసే మార్చి ఉండవచ్చు. టేపర్ బేరింగులకు మాత్రం విదేశీ ఆర్డర్ అక్కర్లేదు. రేసు మీది టిమ్‌కెన్ నంబరు చెబితే విశాఖపట్నం బేరింగు దుకాణాల్లో అడగవచ్చు.

క్రౌన్ పినియన్ (ఇరుసులోని గేర్ల జత) కూడా మార్చాలనుకుంటే పళ్ళు లెక్కపెట్టండి: 43, 8 ఉంటే 5.38 నిష్పత్తి. ముందు యాక్సిల్‌కు ఒక నిష్పత్తి, వెనకకు ఇంకో నిష్పత్తి పడితే ఫోర్ వీల్ వేయగానే గట్టి రోడ్డు మీద బండి బిగుసుకుపోయి ఇరుసులు విరుగుతాయి.

ప్రశ్న: తలుపు రబ్బర్లు నాలుగు కిలోలే ఉన్నా కొరియర్‌వాళ్ళు పద్నాలుగు కిలోలకు డబ్బు అడిగారు. దీని మీద కస్టమ్స్ కూడానా?
– పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేదాన్ని బరువుగా పట్టుకుంటారు. 60, 40, 30 పెట్టె అయితే 14.4 కిలోలు. అసలు బరువు, ఈ బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. రబ్బరును వదులుగా చుట్టి చిన్న పెట్టెలో పెట్టమని ముందే అడగండి. మెలిక పడేలా మడవొద్దని కూడా చెప్పండి, ఆ మడత ఇక పోదు.

సుంకం సరుకు ధర మీదే కాదు. రవాణా, బీమా కలిపిన మొత్తం మీద వేస్తారు, ఆపైన ఐజీఎస్టీ. అందుకే కొరియర్ చార్జీ తగ్గితే పన్నూ తగ్గవచ్చు. సొంత బండికి తెప్పించుకునేవాళ్ళకు దిగుమతిదారు కోడ్ అవసరం లేదు గానీ కేవైసీ పత్రాలు అడుగుతారు. ‘బహుమతి’ అని రాయించడం, ధర తగ్గించి చూపించడం చేయకండి. పార్శిల్ ఆగిపోతే జరిమానాతో పాటు పార్శిలే పోవచ్చు. వాడిన సరుక్కు నిబంధనలు వేరు. ఇన్‌వాయిస్‌లో కొత్తదో పాతదో స్పష్టంగా ఉండాలి, పాతదైతే డబ్బు కట్టకముందే కస్టమ్స్ ఏజెంటును అడగండి.

ప్రశ్న: పాత స్టాకు, డబ్బా విప్పని పెట్రోలు పంపు కిట్ చవకగా దొరికింది. కొనవచ్చా?
– పాఠకుడు, టెక్కలి

జవాబు: వద్దు. డబ్బాలో ఉన్నా డయాఫ్రమ్ రబ్బరు ఎండి పగుళ్ళిస్తుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిసిన పెట్రోలే. ఆ రబ్బరు అందులో తొందరగా పాడై చిల్లుపడితే పెట్రోలు ఆయిల్ సంపులోకి దిగుతుంది. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు అరుగుతాయి. ఇథనాల్ తట్టుకుంటుందని తయారీదారు రాసిచ్చిన కొత్త కిట్టే కొనండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోలు వాసన వస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ముందు ఆయిల్ మార్చండి.