స్కూల్లో టీకా వేస్తామని కాగితం వచ్చింది, సంతకం పెట్టాలా?

మీ పాప ఐదో తరగతి అన్నారు. స్కూల్లో టీడీ టీకా వేస్తామని కాగితం పంపారు, ఎవరో వచ్చి వేస్తే నమ్మొచ్చా, లేక అమలాపురం తీసుకెళ్లి ప్రైవేటులో వేయించాలా అని అడిగారు. సంతకం పెట్టండి. కోనసీమలో ఒక లంక ఊరి స్కూల్లో టీచరుగా ఈ పని దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

చిన్నప్పుడు వేసిన డీపీటీ బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే ధనుర్వాతానికీ కంఠసర్పికీ కలిపి 10 ఏళ్లకి ఒకటి, 16 ఏళ్లకి ఒకటి టీడీ వేస్తారు. ప్రభుత్వ షెడ్యూల్లో ఉన్నదే, పైసా కట్టక్కర్లేదు.

వేసేది కూడా ఎవరో కాదు, మామూలుగా మీ ఊరి ఏఎన్ఎం గారే. చంటిపిల్లలకి సూది వేసే ఆవిడే.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకా పెట్టారు, 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ. మొదటి రోజు మా స్కూల్లో పెద్ద పొరపాటే జరిగింది. ప్రార్థన అవగానే వరండాలో, అందరూ చూస్తుండగా మొదలుపెట్టాం. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి సొమ్మసిల్లి పడిపోయింది. అది చూసి వెనక లైనంతా ఏడుపు. పావుగంటలో తల్లిదండ్రులు గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చేశారు. ఆకలి, భయం తప్ప మందు వల్ల కాదని డాక్టరు గారు చెప్పినా వినేవాళ్లు లేరు. ఆ పూటకి ఆపేశాం. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం. ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు, భోజనం వండే ఆయాలు, సర్పంచి గారు, పేరెంట్స్ కమిటీ వాళ్లు. మర్నాటి నుంచి ముందు భోజనం, తర్వాతే సూది. కూర్చోడానికి ఒక గది, సూదికి ఒక గది, అయ్యాక అరగంట ఉండటానికి ఇంకో గది. ఒక్కరూ పడిపోలేదు.

కష్టమంతా బడికి రాని పిల్లలతోనే. ఆ మందు సీసాలో పొడిగా ఉంటుంది, ఒక సీసా 10 మందికి. నీళ్లు కలిపాక 4 గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారెయ్యాల్సిందే. ఇద్దరు పిల్లల కోసం సీసా విప్పడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకని రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే కుటుంబాల పిల్లలు ఎవరెవరున్నారో అంగన్‌వాడీ టీచరు రాసిచ్చారు, వాళ్లందరినీ ఒకే రోజుకి రప్పించాం. గోదావరి ఎర్రనీళ్లతో నిండుగా ఉంది. పంటి నడిపేవాళ్లు ఐస్ బాక్సుని మొదటి ట్రిప్పులోనే దాటించారు.

ఒక మామ్మగారు మనవణ్ని పంపనంటే పంపనన్నారు. "మావాడికి తట్టు పోసి తగ్గిపోయింది, మళ్లీ సూదెందుకు?" అని. ఏఎన్ఎం గారు విసుక్కోలేదు. సీసా తీసి మూత మీద గుండ్రం మధ్యలో ఉన్న తెల్లటి చదరం చూపించారు. "మందుకి వేడి తగిలే కొద్దీ ఇది నల్లబడుతుంది మామ్మా. తెల్లగా ఉందంటే బాగున్నట్టు," అన్నారు. రుబెల్లా వేరే జబ్బనీ, కడుపుతో ఉన్న ఆడపిల్లకి సోకితే పుట్టే బిడ్డకి గుండె, కళ్లు, చెవులు దెబ్బతింటాయనీ చెప్పారు. మామ్మగారు అద్దాలు పెట్టుకుని ఆ సీసాని చాలాసేపు చూసి, చివరికి పిల్లాణ్ని తనే తీసుకొచ్చారు. ఇంకోటి, యానాం పుదుచ్చేరి కింద ఉంది కదా, అక్కడ ఫిబ్రవరిలోనే మొదలైంది. అక్కడి చుట్టాలు ఫోన్లో "మా పిల్లలు బాగానే ఉన్నారు" అనడం, మేం చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేసింది.

మీ పాపకి ఆ రోజు కడుపునిండా అన్నం పెట్టి, పొట్టి చేతుల గౌను వేసి పంపండి. ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం లాంటివి వచ్చి ఉంటే ముందే చెప్పండి. చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పెడుతుంది, కొంచెం జ్వరం రావచ్చు. కార్డు మీద తారీకు వేయించుకుని దాచండి. వీలైతే మీరూ ఒక గంట స్కూలుకి వెళ్లండి. సూది గది బయట చిన్నపిల్లల చెయ్యి పట్టుకుని కూర్చోడానికి మనుషులు ఎప్పుడూ చాలరు.