ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 శాతం దాటాక ఎలక్ట్రిక్ కారు ఎందుకంత నెమ్మదిగా ఎక్కుతుంది?

అది చార్జర్ లోపం కాదండీ, కారులో ఉన్న బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమే కావాలని కరెంట్ తగ్గించేస్తుంది. లిథియం అయాన్ సెల్‌లో చార్జ్ ఎక్కడం అంటే అయాన్లు (చార్జ్ ఉన్న లిథియం కణాలు) వెళ్ళి సెల్ నెగటివ్ వైపున్న గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకోవడమే, మొదట్లో చోటు బోలెడు ఉంటుంది కాబట్టి చకచకా దూరిపోతాయి, నిండేకొద్దీ నిండు బస్సులో సీటు వెతుక్కున్నట్టే ఉంటుంది వాటి పరిస్థితి. అప్పుడు కూడా అదే స్పీడ్‌లో తోస్తే లోపలికి పోలేక గ్రాఫైట్ పైనే లిథియం లోహంగా పేరుకుపోతుంది, దాంతో పోయిన కెపాసిటీ చాలావరకు తిరిగి రాదు, ముదిరితే సెల్ లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఉదాహరణకి 10 నుంచి 80కి అరగంట పట్టే కారుకి మిగతా 20 శాతానికే మళ్ళీ ఇంచుమించు అంత టైమ్ పట్టొచ్చు. అందుకే దూర ప్రయాణాల్లో, ముందు ఇంకో చార్జర్ ఉందని తెలిస్తే, 80కే తీసేసి బయల్దేరడం మేలు.

చాలామంది ఇక్కడ పొరబడేది ఏంటంటే, ఇంకా పెద్ద కిలోవాట్ల చార్జర్‌కి మారిస్తే త్వరగా అయిపోతుందని. అవ్వదు, కారు ఎంత అడిగితే చార్జర్ అంతే ఇస్తుంది. ఇంట్లో 7 కిలోవాట్ల చార్జర్‌తో ఈ తేడా పెద్దగా కనిపించదు, ఎందుకంటే అక్కడ కరెంట్ మొదట్నుంచీ తక్కువే.