నీటికాసులు: చూపు ఎంతకాలం నిలుస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. రెండేళ్ల కిందట రెండు కళ్లలోనూ నీటికాసులు, అంటే గ్లకోమా ఉన్నట్టు తేలింది. చుక్కల మందుతో కంటి ప్రెషర్ 26 నుంచి 16కి దిగింది. అద్దాలతో చూపు 6/6 ఉంది. అయినా డాక్టరుగారు మళ్లీ మళ్లీ ఫీల్డ్ టెస్టు, అంటే చుట్టూ ఎంతమేర కనబడుతుందో చూసే పరీక్ష, రాస్తున్నారు. ఎప్పటికైనా చూపు పోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వైద్యం మానకుండా చేయించుకునేవాళ్లలో ఎక్కువమందికి చివరిదాకా పనికొచ్చే చూపు నిలుస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాలో, ఓమ్‌స్టెడ్ కౌంటీ రోగులను దశాబ్దాల పాటు గమనించారు. 1965–80 మధ్య జబ్బు బయటపడినవాళ్లకు 20 ఏళ్లలో కనీసం ఒక కంటి చూపు పోయే అవకాశం దాదాపు 26 శాతం. 1981–2000 మధ్య బయటపడినవాళ్లకు అది 13.5 శాతం. సగానికి తగ్గింది గానీ సున్నా కాలేదు. అందుకే డాక్టరుగారు వదలడం లేదు.

6/6 చూసి నిశ్చింతగా ఉండకండి. అక్షరాల బోర్డు నడిమి చూపునే కొలుస్తుంది. కంటి నరాన్ని దెబ్బతీసే ఈ జబ్బు సాధారణంగా ముందు పక్కచూపును తీసుకుపోతుంది, నడిమి చూపు చాలాకాలం బాగానే ఉంటుంది. ఫీల్డ్ టెస్టు కాగితంలో ‘ఎండీ’ అన్న అంకె చూడండి. చూపు మామూలు కంటే సగటున ఎంత తగ్గిందో డెసిబెల్ అన్న కొలతలో అది చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న కంటికి అది సున్నా దగ్గర ఉంటుంది. మైనస్ 6 దాకా తొలిదశ, మైనస్ 12 దాటితే జబ్బు ముదిరినట్టు.

అసలు చూడాల్సింది ఆ అంకె దిగుతున్న వేగం. ఇప్పుడు మైనస్ 7 ఉందనుకుందాం. ఏడాదికి అర డెసిబెల్ చొప్పున దిగితే 82వ ఏట మైనస్ 17 అవుతుంది. ఒకటిన్నర చొప్పున దిగితే 72కే మైనస్ 22, అప్పటికి ఆ కంటితో నడవడమే కష్టం. రెండో దారిలో పోతుంటే 16 ప్రెషర్ కూడా ఆయన కంటికి ఎక్కువే, ఇంకా దించాలి. స్వీడన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, ప్రెషర్ ఒక్కో మిల్లీమీటరు (పైన చెప్పిన 26, 16 ఈ కొలతలోవే) తగ్గినకొద్దీ జబ్బు ముదిరే ముప్పు సుమారు 10 శాతం తగ్గింది.

ఒకటి రెండు టెస్టులతో వేగం తేలదు. మొదటి రెండేళ్లలో ఆరు చేయిస్తే మంచిది. అన్నీ ఒకే రకం మిషన్ మీద, ఒకే ప్రోగ్రాములో చేయించండి, లేకపోతే పాత అంకెలతో పోల్చలేరు. మొదటి టెస్టు అలవాటు లేక చెడిపోవడం మామూలే. ఈ టెస్టులో వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. కాగితంలో ఫాల్స్ పాజిటివ్ 15 శాతం దాటితే, వెలుగు కనబడకుండానే బటన్ నొక్కారన్నమాట. ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. శుక్లం పెరిగినా ఎండీ దిగుతుంది. పాత కాగితాలు ఒక్కటీ పారేయకండి.

ఇంకో మాట: ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు. నాన్నగారి తోబుట్టువులూ, 40 దాటితే మీరూ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: నాకు రాత్రి లాటనోప్రోస్ట్, రోజుకు రెండుసార్లు టిమోలాల్ చుక్కలు రాశారు. కళ్లు ఎర్రబడుతున్నాయి, చూపు మాత్రం ఏమీ మెరుగుపడలేదు. కొన్నాళ్లు ఆపవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ అంతట మీరు ఆపవద్దు. దెబ్బతిన్న కంటి నరం తిరిగి రాదు. చుక్కలు మిగిలిన చూపును కాపాడతాయంతే. కొందరు నెలల తరబడి మానేసి, డాక్టరు దగ్గరికి వెళ్లే వారం ముందు మళ్లీ మొదలుపెడతారు. ఆ రోజు ప్రెషర్ బాగుంటుంది, ఫీల్డ్ మాత్రం పడిపోయి ఉంటుంది. మందు చాలడం లేదని డాక్టరు అనుకుని, అక్కర్లేని ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు. మానేసి ఉంటే దాచకుండా చెప్పండి.

లాటనోప్రోస్ట్ ఎరుపు చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. దురద, రెప్పల వాపు ఉంటే మందు మార్చమనండి. ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేని చుక్కలూ దొరుకుతాయి. ఉబ్బసం ఉన్నా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నా టిమోలాల్ ప్రమాదం, వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికి కారిపోతుంది. కింది రెప్ప లాగి చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్కనున్న మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కిపట్టండి. మందు గొంతులోకి జారదు, ఒంటికి పట్టేదీ తగ్గుతుంది. రెండో మందుకు అయిదు నిమిషాలు ఆగండి. చుక్కలు ఒంటికి సరిపడకపోతే ఎస్‌ఎల్‌టీ లేజర్ గురించి అడగండి. కంట్లోని నీరు సులువుగా బయటికి పోయేలా చేసి ప్రెషర్ దించే చికిత్స అది. కంటి కోణం, అంటే ఆ నీరు బయటికి పోయే మూల, తెరిచి ఉన్న రకానికే ఇది. ఇంగ్లండ్‌లో కొత్త రోగులకు ముందుగానే ఈ లేజర్ చేస్తే, దాదాపు ముప్పాతిక వంతు మందికి మూడేళ్లు చుక్కల అవసరం రాలేదు.

ప్రశ్న: మా మామయ్యకు నీటికాసులు బాగా ముదిరింది. అక్షరాలు చదువుతాడు గానీ గుమ్మాలకూ మనుషులకూ తగులుతున్నాడు. చదవగలిగితే వికలాంగుల సర్టిఫికెట్ రాదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నిజం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపుతో పాటు దృష్టి విస్తారాన్నీ, అంటే కన్ను కదపకుండా ఎంతమేర కనబడుతుందో దాన్నీ, లెక్కలోకి తీసుకుంటుంది. అది 10 డిగ్రీల లోపు ఉంటే, బోర్డు మీద అక్షరాలు చదివినా చట్టం దృష్టిలో అంధత్వమే. 10 నుంచి 40 డిగ్రీల లోపయితే అల్పదృష్టి. రెండు కళ్ల ఫీల్డ్ రిపోర్టులూ వెంట తీసుకెళ్లి, వాటిని చూడమని మెడికల్ బోర్డును అడగండి. ఈలోగా మెట్ల అంచులకు పసుపుపచ్చ టేపు అంటించండి, నడిచే దారిలో స్టూళ్లు ఉంచవద్దు, ఆయన్ను బండి నడపనివ్వకండి.