పాత రేస్ కారును కొత్త హిల్‌క్లైంబ్ సీజన్‌కు సిద్ధం చేయాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలా?

హిల్‌క్లైంబ్ అంటే కొండ రోడ్డును ఒక్కో బండీ విడిగా, టైం చూసుకుంటూ ఎక్కే పోటీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది 1930ల నాటి నాలుగు సిలిండర్ల బండి. మాగ్నెటో ఇగ్నిషన్ (బ్యాటరీ లేకుండా తానే స్పార్క్ పుట్టించేది), కేబుల్‌తో లాగే డ్రమ్ బ్రేకులు, స్పోక్ చక్రాలు. పోయిన సీజన్ చివర్లో షెడ్డులో పెట్టాక మళ్లీ కదల్చలేదు. మొదటి పోటీకి రెండు నెలలుంది. ఇంజిన్ పూర్తిగా విప్పి చూడాలా, వెనక జంట చక్రాలు (ఒక్కో పక్క రెండేసి) వేస్తే లాభం ఉంటుందా అని అడిగారు.

ఇంజిన్ విప్పకండి, ముందు కొలవండి. కొలిస్తే తేడా కనబడితే అప్పుడు విప్పుదురు గాని. ఇలాంటి బండినే చాలా ఏళ్లుగా ఒక మిత్రుడితో కలిసి సిద్ధం చేస్తున్నాను. సీజన్ పాడయ్యేది చాలావరకు ఇంజిన్ వల్ల కాదు, ఎవరూ చూడని వెనక భాగం వల్లా, సగం సగం పనిచేసే బ్రేకుల వల్లా.

ఇంకో సంగతి. సర్క్యూట్ రేసింగ్ చేసేవాళ్ల సలహాలు మనకు సగమే పనికొస్తాయి. ఇంగ్లండ్‌లో 1905 నుంచి పోటీలు జరుగుతున్న షెల్స్‌లీ వాల్ష్ కొండ పొడవు 914 మీటర్లు మాత్రమే. 1930లో జర్మన్ డ్రైవర్ హాన్స్ స్టుక్ ఆస్ట్రో డైమ్లర్ కారు మీద దాన్ని 42.8 సెకన్లలో ఎక్కాడు. అంటే మొత్తం పోటీ నిమిషం లోపే. వార్మప్ ల్యాప్ ఉండదు. టైర్లు వేడెక్కవు, బ్రేకులు వేడెక్కవు, గేర్‌బాక్స్ ఆయిల్ చిక్కగానే ఉంటుంది. అయినా మొదటి సెకను నుంచే బండి పూర్తి బలంతో పోవాలి. చేసే ప్రతి పనికీ ఒకటే పరీక్ష: ఇది చల్లగా ఉన్నప్పుడు పనిచేస్తుందా?

అందుకే నేను వెనక నుంచి మొదలుపెడతాను. నిలబడి ఉన్న బండిని ఫుల్ థ్రాటిల్‌తో ఒక్కసారిగా వదిలినప్పుడు ఆ దెబ్బంతా వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్టులే తింటాయి. ఆ రోజుల్లో వాటిని తయారుచేసినవాళ్లు ఇప్పటి మెత్తటి, జిగురు టైర్లను ఊహించలేదు. చక్రం జారి ఉన్నచోటే కొద్దిగా తిరిగిపోతే షాఫ్ట్ బతికిపోతుంది. టైరు నేలను గట్టిగా పట్టుకుంటే బలమంతా షాఫ్టు మీదే పడుతుంది. రెండు షాఫ్టులూ బయటకు లాగి, కిరోసిన్‌తో శుభ్రంగా తుడిచి, షాఫ్ట్ చివర ఉండే స్ప్లైన్ పళ్ల వెంబడి స్టీలు స్కేలు ఆనించి చూడండి. పన్ను అంచు పొడవునా స్కేలుకు తిన్నగా ఆనాలి. ఒక చివర వెలుగు సన్నగా తొంగిచూస్తే షాఫ్ట్ మెలి తిరిగినట్టే. తిరిగి పెట్టేముందు షాఫ్ట్ పొడవునా తెల్ల పెయింట్‌తో ఒక తిన్నని గీత గీయండి. వచ్చే ఏడాది స్కేలు కూడా అక్కర్లేదు. మా బండి షాఫ్ట్ ఒకసారి తీస్తే ఆ గీత పురి పెట్టిన తాడులా కనబడింది. పగులు ఎక్కడా లేదు, అంతకుముందు రోజు దాకా బండి మామూలుగానే పరుగెత్తింది. అయినా దాన్ని అక్కడితో పక్కన పెట్టేశాం.

షాఫ్టులు బయట ఉన్నప్పుడే వాటితో పాటు ముందు చక్రాలను మోసే స్టబ్ యాక్సిళ్లు, స్టీరింగ్ ఆర్ములు, స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే డ్రాప్ ఆర్మ్ కలిపి, కంటికి కనబడని పగుళ్లు పట్టే క్రాక్ టెస్టుకు పంపండి. ఉక్కు భాగాలకు మాగ్నెటిక్ పద్ధతి, అల్యూమినియం భాగాలకు డై వేసి చూసే పద్ధతి. కంటితో చూసి బాగానే ఉందనుకోవడం ఈ వయసు ఇనుము దగ్గర కుదరదు. ఖర్చు ఎక్కడో ఒకచోట తగ్గించాలనుకుంటే బాడీ పెయింట్ దగ్గర తగ్గించండి, ఇక్కడ వద్దు.

క్లచ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నెలల తరబడి నిలబెట్టిన బండిలో ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోయి ఉండొచ్చు. గేరు వేసి బలవంతంగా లాగించకండి, పెడల్ నొక్కి ఉంచి చక్రాలు ఎత్తి చూడండి. మీది ప్రీసెలెక్టర్ గేర్‌బాక్స్ (గేరును ముందే ఎంచుకుని, పెడల్ తొక్కినప్పుడు మారే రకం) అయితే మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఒక్కో గేరు ఎంచుకుంటూ పెడల్‌ను పలుమార్లు పూర్తిగా తొక్కండి. లోపల గేర్లను పట్టి ఉంచే బ్యాండ్లు తమంతట తామే సర్దుకునే ఏర్పాటు అందులో ఉంటుంది, దానికి ఆ అవకాశం ఇవ్వాలి.

ఇక బ్రేకులు. డ్రమ్ములు విప్పగానే లోపల దుమ్ము కనబడుతుంది, గాలి కొట్టి ఊదేయాలనిపిస్తుంది. వద్దు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడవండి, గుడ్డను సంచిలో కట్టి పారేయండి. డ్రమ్ము లోపల తుప్పు పొర ఉంటే తీయించి, గుండ్రం చెడిందేమో కొలిపించండి. లైనింగ్ ఎంపికలో చాలామంది రేసింగ్ అనే పేరు చూసి గట్టి రకం కొంటారు. అది వేడెక్కితే గాని పట్టదు. మన కొండ మీద అది వేడెక్కేలోపు ఫినిష్ లైన్ వచ్చేస్తుంది, మొదటి మలుపు దగ్గర మాత్రం కాలు తొక్కినా బండి ఆగదు. కాస్త మెత్తని, చల్లగా ఉన్నప్పుడే పట్టే రకం తీసుకోండి. త్వరగా అరుగుతుందని బెంగ వద్దు, ఏడాది మొత్తం మీద మనం తొక్కేదే తక్కువ.

కేబుల్ బ్రేకుల సర్దుబాటు ఓపిక పని. కేబుళ్లు తీసి వంచి చూసి, ఒక్క తీగ పోగు తెగినా మార్చేయండి. తర్వాత నాలుగు చక్రాలూ గాలిలోకి ఎత్తండి, కానీ జాకీలు యాక్సిళ్ల కిందే ఉండాలి. ఛాసిస్ కింద పెడితే స్ప్రింగులు కిందికి వేలాడి కేబుల్ పొడవు మారిపోతుంది, అక్కడ చేసిన సర్దుబాటు రోడ్డు మీద పనికిరాదు. పెడల్‌కూ సీటుకూ మధ్య ఒక చెక్క ముక్క పెట్టి కొద్దికొద్దిగా బిగిస్తూ ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. ముందు రెండూ సమానంగా, వెనకవాటికంటే రవ్వంత ముందుగా పట్టాలి. ఒక పూట పడుతుంది. ఆ తర్వాత బండి పక్కకు లాగకుండా తిన్నగా ఆగుతుంటే ఆ పూట దండగ అనిపించదు.

స్పోక్ చక్రాలను చిన్న స్పానర్‌తో ఒక్కో స్పోక్ మీద తడుతూ వెళ్లండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. హబ్ స్ప్లైన్లు అరిగి పళ్లు కత్తి అంచుల్లా పదునెక్కితే చక్రం ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ప్రతి స్టార్టుకూ అది ఇంకా అరుగుతుంది, కాబట్టి సీజన్ మధ్యలో చూద్దాంలే అనుకోవద్దు. ఎడమ, కుడి హబ్‌లు తారుమారైతే మధ్య నట్టు పరుగులో దానంతటదే విప్పుకుంటుందని కూడా గుర్తుంచుకోండి. టైర్ల సంగతికొస్తే గాడి లోతు కంటే వయసే ముఖ్యం. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. చూడ్డానికి కొత్తగా ఉన్నా గట్టిపడిన రబ్బరు చల్లని రోడ్డును పట్టుకోదు. గాలి విషయంలో సర్క్యూట్ లెక్క వేయకండి. వేడికి పెరుగుతుందని తక్కువ పెట్టడం అక్కడి పద్ధతి. ఇక్కడ పెరిగేంత సమయం ఉండదు, కావలసిన ఒత్తిడే నేరుగా పెట్టేయాలి.

ఇప్పుడు ఇంజిన్. ప్లగ్గులు తీసి కంప్రెషన్ చూడటం కన్నా లీక్ టెస్ట్ ఎక్కువ చెబుతుంది. ఒక్కో సిలిండర్‌లో గాలి నింపి ఎంత శాతం కారిపోతోందో చూడటమే ఆ టెస్ట్. 10 శాతం లోపైతే సంతోషం. 20 దాటితే చెవి పెట్టి వినండి. కార్బురేటర్‌లో బుస వినిపిస్తే ఇన్లెట్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉంటే హెడ్‌ను ముట్టుకోకండి. ట్యాపెట్ క్లియరెన్సులు (వాల్వుల దగ్గరి సందులు) చూసి మూసేయండి.

ఆముదం ఆధారిత రేసింగ్ ఆయిల్ వాడుతుంటే దాన్ని శీతాకాలమంతా లోపలే వదిలారా? అయితే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ ప్లేటు విప్పాల్సిందే. అది నిల్వ ఉంటే జిగురై వార్నిష్‌లా అంటుకుంటుంది, ఆయిల్ వడగట్టే స్ట్రెయినర్ మూసుకుపోతుంది. దాని మీద మినరల్ ఆయిల్ పోయకండి, రెండూ కలవవు. కొత్త ఆయిల్ పోశాక ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఇంజిన్‌ను ఉత్తినే తిప్పండి, తర్వాతే స్టార్ట్ చేయండి. పోటీ రోజున ఆయిల్‌ను ముందుగానే వేడిచేసి పోసేవాళ్లున్నారు. చాదస్తం అనిపిస్తుంది గాని, చల్లటి బేరింగుల మీద ఫుల్ థ్రాటిల్ తొక్కాల్సిన ఆటలో అది మంచి అలవాటే.

పెట్రోల్ మొత్తం తీసేయండి, పాతది కొత్తదాంట్లో కలపొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, కార్క్ ఫ్లోట్ల మీద పూతను కరిగిస్తుంది. మెథనాల్ మీద నడిపే బండైతే నిల్వ ఉంచేముందే పెట్రోల్‌తో కడిగి ఉండాల్సింది. కడగకపోతే ఇప్పుడు కార్బురేటర్ లోపల తెల్లటి పొడి కనబడొచ్చు, అది అల్యూమినియం తినేసిన గుర్తు. కొండకు ప్రత్యేకమైన చిక్కు ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో ఇంధనం నిలిచే గది) దగ్గర ఉంది. వాలు ఎక్కుతూ వేగం అందుకుంటున్నప్పుడు ఇంధనం వెనక్కి ఒరుగుతుంది. ఫ్లోట్ చాంబర్ జెట్టుకు (ఇంధనం బయటకొచ్చే సన్న రంధ్రానికి) వెనక ఉంటే జెట్ దగ్గర మట్టం పడిపోయి ఇంజిన్ తడబడుతుంది, ముందు ఉంటే మిశ్రమం చిక్కబడుతుంది. సమతల రోడ్డు మీద చేసిన ట్యూనింగ్ కొండ మీద పాడైపోతే జెట్లు మార్చే ముందు ఇది చూడండి.

మాగ్నెటో గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే అత్యధికంగా టెన్షన్ పెట్టేది ఇదే. చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. ఒక రన్ అయ్యాక ఇంజిన్ ఆపి, క్యూలో నిలబడి మళ్లీ తిప్పితే మొరాయిస్తుంది. అందరూ కార్బురేటర్ మీద పడతారు. అనుమానించాల్సింది మాగ్నెటో లోపలి కండెన్సర్‌ను, దాని తర్వాత తీగ చుట్టైన వైండింగును. వేడికి లోపలి ఇన్సులేషన్ దెబ్బతిని స్పార్క్ బలహీనపడుతుంది. మేమొకసారి రిపేరుకిచ్చిన మాగ్నెటో మెరిసే కొత్త పెయింట్‌తో తిరిగొచ్చింది, లోపల కండెన్సర్ మాత్రం పాతదే. బిల్లులో "పూర్తి మరమ్మతు" అని రాసుంది. అప్పటి నుంచి మార్చిన భాగాలన్నీ సంచిలో వేసి వెనక్కివ్వమని ముందే అడుగుతున్నాను. మీరు చేయగలిగిన పరీక్ష: ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, కాసేపు ఆ వేడిలోనే వదిలి మళ్లీ స్టార్ట్ చేయండి. షెడ్డులో ఈ పరీక్ష గట్టెక్కితే కొండ దగ్గరా గట్టెక్కుతుంది. మాగ్నెటోలో తెరుచుకుని మూసుకునే పాయింట్ల గ్యాప్ సాధారణంగా 0.3 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ మాగ్నెటో పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

ఇంజిన్ ఆపే కట్ ఆఫ్ స్విచ్ కూడా దీనితో ముడిపడిందే. బ్యాటరీ ఇగ్నిషన్‌లో వైరు తెగితే ఇంజిన్ ఆగుతుంది. మాగ్నెటో సంగతి తిరగబడి ఉంటుంది. స్విచ్ దాన్ని ఎర్త్ చేస్తేనే ఆగుతుంది, వైరు తెగితే ఇక ఆగదు. స్క్రూటినీలో, అంటే పోటీకి ముందు జరిగే తనిఖీలో, ఆపి చూపించమంటారు, ఆ వైరును ఇంట్లోనే లాగి చూసుకోండి. థ్రాటిల్‌కు రెండు రిటర్న్ స్ప్రింగులు, బెల్టుల గడువు, అగ్నిమాపక సిలిండర్ సర్వీస్ తేదీ, హెల్మెట్ లేబుల్ ఇవన్నీ ఈ రోజే చూసేయండి. గడువు దాటిన బెల్టులు కొత్తవి తెప్పించుకోవడానికి వారాలు పట్టొచ్చు.

అన్నీ బిగించాక ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిసేలా చిన్న పెయింట్ గీత పెట్టండి. ఒకసారి బయట నడిపి తెచ్చి చూస్తే ఏది కదిలిందో గీతే చూపిస్తుంది. నట్టు విప్పుకోకుండా పెట్టే స్ప్లిట్ పిన్నులు ఒకసారి తీసినవి మళ్లీ వాడొద్దు. ఈ టెస్ట్ పరుగు పోటీకి కనీసం రెండు వారాల ముందు పెట్టుకోండి, తేలిన లోపం సరిచేసుకునే వ్యవధి ఉండాలి.

చివరికి జంట చక్రాల ప్రశ్న. 1930లలో కొండ పోటీలకు వెనక రెండేసి చక్రాలు వేయడం మామూలే, స్టార్టులో పట్టు పెరిగిన మాటా నిజమే. కానీ ఆ పట్టు ఎక్కడికి పోతుందో పైన చెప్పాను: షాఫ్టులకు, స్ప్లైన్లకు, డిఫరెన్షియల్‌కు. పైగా బరువు పెరుగుతుంది, బండి వెడల్పవుతుంది, ఇరుకు మలుపుల్లో ముందు చక్రాలు తిరిగినా బండి నేరుగా తోసుకుపోతుంది. మీ షాఫ్టులు క్రాక్ టెస్టులో నెగ్గి, మొదటి రెండు పోటీల్లో వెనక చక్రాలు నిజంగానే తిరిగిపోతూ టైం పోతోందని తేలితే అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా ముందు మెత్తటి టైరు, ఆ తర్వాత ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి (వెనక యాక్సిల్ దగ్గరి గేర్ల నిష్పత్తి), వాటితో కుదరకపోతేనే జంట చక్రాలు. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే దేనివల్ల టైం తగ్గిందో తెలియదు. మీ బండి ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి, వెనక టైరు కొలత, మీరు ఎక్కే కొండ పొడవు రాస్తే ఏ గేర్లో ఫినిష్ దాటాలో లెక్కేసి చెబుతాను.